సన్నమెడ కట్టర్

వచ్చినావిడ కుర్చీ అంచున కూర్చుంది. మంచినీళ్ళిస్తే తాగకుండా గ్లాసు చేత్తో పట్టుకుంది.

"మా తమ్ముడు దొంగ కాదని తేల్చాలి మాస్టారూ," అంది. "సాయంత్రంలోగా తేలకపోతే మా ఆయన పోలీసులకి రిపోర్టిస్తానంటున్నాడు. తర్వాత వాడిక తలెత్తుకు తిరగలేడు."

ప్రైవేటు డిటెక్టివు కాకముందు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి కనక అందరూ ఆయన్ని మాస్టారనే అంటారు. ఆయన సహాయకుణ్ణి మాత్రం ఆత్రం అంటారు. నలభై ఏళ్ళొచ్చినా ఆ పేరు వదల్లేదంటే తప్పు జనానిది కాదు. మాస్టారి బుర్ర మీద అతనికెంత గురో, తన అనుమానాల మీదా అంతే గురి.

ఆవిడది ప్లాస్టిక్ సామాన్లకి ఉక్కు అచ్చులు చేసే వర్క్‌షాపు. తండ్రి పోయాక తనే నడుపుతోంది. కంప్యూటరు చెప్పినట్టు ఉక్కుని తొలిచే సీఎన్‌సీ మిల్లింగ్ మిషను మీద పని తమ్ముడిది. ఇప్పుడొచ్చిన పని ఉక్కుదిమ్మలో జానెడు లోతున ఇరుకైన గొయ్యి తొలవడం. మిషనులో గిర్రున తిరుగుతూ ఉక్కుని కోసే కట్టర్లలో అంత లోతుకి దిగేది ఒక్కటే ఉంది. అది నిన్న పొద్దున బీరువాలోంచి మాయమైంది.

"ఎలా ఉంటుందమ్మా అది?"

ఆవిడ గాల్లోనే వేలితో గీసి చూపించింది. "తల ఇంత. దాని వెనక మెడ సన్నం. కింద మొన కోస్తుంటే పైన కాడ గోడలకి రాసుకోకూడదు కదండీ."

"బీరువా తాళంచెవి?"

"ఒకటి వాడి దగ్గర. ఇంకోటి ఆఫీసులో మేకుకి వేలాడుతుంది."

ఆవిడతో వెళ్ళడానికి మాస్టారు లేచి చెప్పులేసుకున్నారు. ఆత్రం అప్పటికే మెట్లు దిగిపోయాడు.

వర్క్‌షాపులో మిషను ఆగి ఉంది. సగం తొలిచిన దిమ్మ దాని కింద అలాగే బిగించి ఉంది. తమ్ముడు పక్కనే స్టూలు మీద కూర్చుని గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. చేతులు ఎప్పుడో శుభ్రమైపోయాయి, తుడవడం మాత్రం ఆపలేదు.

"నేను తియ్యలేదండీ. నిన్నంతా ఈ మిషను దగ్గర్నుంచి కదల్లేదు, పైపైన చేసే పని చేస్తూనే ఉన్నా. ఇంతకీ అది దొరుకుతుందంటారా?"

మిషనుకి ప్రోగ్రాములు రాసే ఆయన్ని అక్కడందరూ కళ్ళజోడు అంటారు. ఆయనకీ అదే బెంగ. "దొరుకుతుందా సార్? నిన్నంతా టూల్స్ షాపులన్నీ కాళ్ళరిగేలా తిరిగాను. అంత లోతుకి దిగేది ఎవరి దగ్గరా లేదు. ఒకాయనైతే మామూలు కట్టర్‌కే కాడ అతికించి ఇస్తానన్నాడు. దణ్ణం పెట్టి బయటపడ్డా."

"ఇదేమిటి మరి?" బల్ల మీది కొత్త డబ్బా చూపించారు మాస్టారు. అందులో బారుగా, లావుపాటి కాడతో ఒక కట్టర్ ఉంది.

"పై ఊరి డీలరు పంపాడు, పొద్దున్నే వచ్చింది," అన్నాడు తమ్ముడు. "పొడుగైతే ఉంది గానీ మెడ లేదు. సగం దిగేసరికి కాడ గోడని ఒరుసుకుంటుంది. దిమ్మ నాశనం."

జమాఖర్చులు చూసే బావగారికి, అంటే ఆవిడ భర్తకి, ఒళ్ళు మండింది. "వీళ్ళ వంకలు వినకండి సార్! పోయినదానికంటే ఇదే పొడుగు. పొడుగు కావాలని ఏడ్చారు, పొడుగుది వచ్చింది, ఇప్పుడేమో మెడ లేదంటారు. అసలు సంగతి నేను చెప్తా వినండి. పెద్ద కంపెనీవాళ్ళు మా బావమరిదిని ఉద్యోగానికి పిలుస్తున్నారు. పోతూ పోతూ కట్టర్ కూడా పట్టుకుపోతాడు. అందుకే నిన్న అందరి ముందూ వాడి సంచి వెతికాను. నా కట్టర్ ఎక్కడుందో మీరే కక్కించండి!"

"సంచిలో దొరికిందా?"

"దొరికితే మీరెందుకు?"

"నిన్న ఆఫీసు గదిలో ఎవరెవరున్నారు?"

"నేనూ, మా ఆవిడా. మూడో మనిషి గడప తొక్కలేదు."

ఆత్రం మాస్టారిని పక్కకి లాగాడు. "బావగారే! మేకుకి తాళం, గదిలో ఆయన, పైగా ఆ నోరు చూశారా?"

మాస్టారు బయటికెళ్ళి డీలరుకి ఫోన్ చేశారు. తిరిగొచ్చేటప్పుడు ఆయన మొహంలో కేసు తేలిన సంతోషం ఏ కోశానా లేదు.

అందరినీ మిషను చుట్టూ పిలిచారు.

"ఈ దొంగకి కట్టర్ అక్కర్లేదు," అన్నారు మాస్టారు. "పని ఆగితే చాలు. డీలరు దగ్గర నిన్న రెండూ ఉన్నాయట, సన్నమెడదీ, ఈ లావుదీ. ఏది పంపమంటారని ఆఫీసు ఫోనుకి మెసేజి పెట్టాడు. సన్నమెడది వద్దు, పొడుగుదే పంపమని జవాబు వెళ్ళింది."

"చెప్పానా!" ఆత్రం బావగారి మీదికి వేలు చూపించాడు.

"వేలు దించు. ఆయనకి ఈ కట్టర్ ఎందుకు పనికిరాదో ఇప్పటికీ తెలీదు. పనికిరానిదాన్ని కావాలని ఏరి తెప్పించాలంటే పని తెలిసుండాలి. తెలిసినవాళ్ళలో ఈ అబ్బాయి మిషను దగ్గరే ఉన్నాడు. ప్రోగ్రాములు రాసే ఈయన షాపుల్లో తిరుగుతున్నాడు." మాస్టారు గొంతు తగ్గించారు. "పొద్దుట్నుంచీ నన్ను చూసిన ప్రతివాళ్ళూ కట్టర్ దొరుకుతుందా, ఎక్కడుంది అనే అడిగారు. ఒక్కరే అడగలేదు. కట్టర్ మెడ ఎందుకు సన్నమో నాకు మొదట చెప్పింది కూడా ఆవిడే."

అక్క చేతిసంచి తెరిచి, రుమాల్లో చుట్టిన కట్టర్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ గొయ్యి తొలిచి చూపిస్తే ఆ కంపెనీవాళ్ళు నిన్ను ఎగరేసుకుపోతారని విన్నాన్రా," అంది. "పని ఆలస్యమైతే వేరేవాణ్ణి చూసుకుంటారనుకున్నా. చిన్నప్పట్నుంచి చేతుల్లో పెంచాను, నువ్వు పోతే ఇక్కడ నాకెవరున్నారు? మీ బావ నీ మీద పడతాడని కలలో కూడా అనుకోలేదు. తర్వాత నిజం చెప్పడానికి నోరు పెగల్లేదు. అందుకే ఈయన దగ్గరికి పరిగెత్తాను."

తమ్ముడు కట్టర్ అందుకుని మొన మీద గోరు ఆనించి చూశాడు. దానికేమీ కాలేదు.

"వాళ్ళు పిలిచి చాలా రోజులైందక్కా. అక్కని వదిలి రానని అప్పుడే చెప్పేశా. నీకు చెప్పేంత విషయమా అనుకున్నా."

ఆవిడ మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. "నిజంగానా? మరింకేం!"

"నిన్న బావ నా సంచి బోర్లించినప్పుడు నీ వంక చూశా. నువ్వు తల దించుకున్నావు. నువ్వూ నన్ను దొంగే అనుకుంటున్నావనుకున్నా." అతను కట్టర్‌ని హోల్డరులో బిగించాడు. "నిన్న సాయంత్రమే వాళ్ళకి ఫోన్ చేసి, వస్తున్నానని మాటిచ్చేశా. ఈ పని పూర్తిచేసే వెళ్తాలే."

మాస్టారు ఆత్రం భుజం మీద చెయ్యేసి బయటికి నడిపించారు. వెనక మిషను తలుపు మూసుకుంది, కట్టర్ గోతిలోకి దిగింది. అక్క ఏదో అంది. ఆ మోతలో తమ్ముడికి వినపడలేదు.