బిజిలీ తోక ఊపింది

లీషు తెగిపోయేలా ఉంది!

ముందు బిజిలీ. వెనక సోమయ్య. ఆ వెనక టార్చిలైట్లు, బూట్ల చప్పుడు, సి.ఐ. యాదగిరి తిట్లు.

చీకటి. ముక్కు పగిలిపోయే కంపు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వెనక మురుగు నాలా గట్టు అది. కాలు జారితే ఆ ఎర్రటి నీళ్ళలోకే!

"జల్దీ సోమయ్యా! కుక్క ఉరుకుతుంటే నువ్వు నడుస్తున్నవేంది?"

"ఉరుకుతనే ఉన్న సార్!"

హెడ్ కానిస్టేబుల్ సోమయ్యకు ఊపిరి అందడం లేదు. డాగ్ స్క్వాడ్‌లో చేరినప్పుడున్న ఒళ్ళు కాదిది. బిజిలీ కూడా అప్పటి బిజిలీ కాదు. మూతి చుట్టూ నెరిసింది. మెట్లు ఎక్కితే వెనక కాళ్ళు వణుకుతున్నాయి.

కానీ ఇప్పుడు చూడాలి దాన్ని... పిల్లప్పటిలా పరిగెడుతోంది!

"పో బిడ్డా... పో!"

ఈ కంపులో వాసన దొరక్క రెండు కేసులు పోయాయి. ఇదీ పోతే బిజిలీని సర్వీసులోంచి తీసేస్తానని సి.ఐ. మొహం మీదే చెప్పాడు. తీసేయడమంటే పెన్షన్ కాదు.

చావు సూది!

అందుకే సోమయ్య పరిగెడుతున్నాడు. కాళ్ళు మొరాయిస్తున్నా పరిగెడుతున్నాడు.

ఇందాక చూసిన శవం ఇంకా కళ్ళలోనే ఉంది. పెద్దరాములు. లక్డారం ఊరి మనిషి. ఒక ఫ్యాక్టరీలో వాచ్‌మన్. నాలా మోరీ రాళ్ళ పక్కన బోర్లా పడి ఉన్నాడు. తల పగిలింది. పిడికిట్లో ఒక రుమాలు. చంపినవాడిదే అయి ఉండాలి. పెనుగులాటలో లాగి ఉంటాడు.

ఆ రుమాలు బిజిలీ ముక్కు దగ్గర పెట్టాడు సోమయ్య.

బిజిలీ తోక ఊపింది!

ఇన్నేళ్ళ సర్వీసులో శవం దగ్గర అది ఒక్కసారి కూడా తోక ఊపలేదు. చెవులు వెనక్కి పెట్టి, మూతి నేలకు ఆనించి, పనిలో పడేది. ఇవాళ మాత్రం పెళ్ళికి పోతున్నట్టు కుయ్యిమంది.

"ముసల్దయిపోయింది. ఆట అనుకుంటున్నది" అన్నాడు వెనక నుంచి ఒక కానిస్టేబుల్.

సోమయ్యకు ఒళ్ళు మండింది.

గట్టు దిగారు. రోడ్డు దాటుతున్నారు.

ఢమ్!

లారీ టైరు పేలింది! కానిస్టేబుళ్ళు ఎగిరిపడ్డారు.

బిజిలీ బెదరలేదు. ఆగింది. మెడ తిప్పి సోమయ్య మొహంలోకి చూసింది.

"నేనున్న బిడ్డా... నడువ్."

అంతే. మళ్ళీ పరుగు.

అది సోమయ్య నేర్పిన పాఠం. బాంబు పేలనీ, పిస్తోలు పేలనీ, ముందు నా మొహం చూడు. నా మొహం బాగుంటే లోకం బాగున్నట్టే!

జొన్న చేలు. రాళ్ళ గుట్ట. పటేల్‌గూడ దీపాలు. ఒక సందు... ఇంకో సందు...

నీలం గేటు!

సోమయ్య లీషు వెనక్కి పట్టాడు. ఆ గేటు అతనికి తెలుసు. ఆ ఇల్లు తెలుసు. ఇంటి ముందున్న పశువుల క్లినిక్ కూడా తెలుసు.

"వద్దు బిడ్డా... ఇక్కడ కాదు..."

బిజిలీ వినలేదు. గేటు తోసుకుని దూరింది. తలుపు గీకింది.

తలుపు తెరుచుకుంది. డాక్టర్ రాజారావు! లుంగీ, బనియను. తలస్నానం చేసినట్టున్నాడు, జుట్టు తడిగా ఉంది.

బిజిలీ ముందు కాళ్ళు రెండూ ఎత్తి ఆయన గుండెల మీద పెట్టింది. మొహమంతా నాకింది. తోక ఆగడం లేదు.

మొరగలేదు. ఒక్కసారి కూడా మొరగలేదు!

మనిషి దొరికితే ఎదురుగా కూర్చుని మొరగాలి. అదీ ట్రెయినింగ్.

"ఒసేయ్ బంగారం! నిన్ననే కదే వచ్చి సూది వేయించుకున్నావ్?" అన్నాడు డాక్టర్. "ఏంటి సోమయ్యా, ఈ వేళప్పుడు? ఏమైంది?"



సి.ఐ. టోపీ తీసి తొడకేసి కొట్టుకున్నాడు. "మంచిగున్నదయ్యా! హంతకుని పట్టుకుంటదనుకుంటె చుట్టాలింటికి తోలుకొచ్చింది!"

కానిస్టేబుళ్ళు నవ్వారు.

"బిజిలీ! ఛల్!" సోమయ్య లీషు గట్టిగా లాగాడు. ఎప్పుడూ అంత గట్టిగా లాగలేదు. బిజిలీకి అర్థం కాలేదు. డాక్టర్ కాళ్ళ దగ్గరే కూర్చుంది. మెప్పు కోసం సోమయ్య మొహం చూసింది.

సోమయ్య మొహం తిప్పుకున్నాడు.

*

తెల్లారింది. సంగారెడ్డి. కుక్కల షెడ్డు.

"ఇగ అయిపోయింది సోమయ్యా" అన్నాడు సి.ఐ. ఈసారి గొంతులో కోపం లేదు. "నాకు మాత్రం సంబురమా చెప్పు? దాని ముక్కు పోయింది."

"ఒక్క నెల ఆగుండ్రి సార్! మల్ల నేర్పిస్త..."

"డాక్టరే ఫోన్ చేసిండు. కిడ్నీలు ఖరాబైనయంట. నొప్పితో బతుకుతున్నదంట. ఇయ్యాల్నే చేసేద్దామన్నడు. సాయంత్రం నేను కూడ వస్త."

సోమయ్య బిజిలీ తల మీద చెయ్యి వేశాడు. వేరే ఎవరు చెప్పినా కొట్లాడేవాడు. కానీ రాజారావు చెప్పాక?

బిజిలీ గుప్పెడంత పిల్లగా ఉన్నప్పుడు రక్తం విరేచనాలు పట్టుకున్నాయి. షెడ్డులో మిగతా పిల్లలన్నీ చచ్చిపోయాయి. దీన్ని మాత్రం రాజారావు వదల్లేదు. రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని సెలైన్ ఎక్కించాడు. దానికి జోడీని వెతికిందీ ఆయనే. కాన్పు చేసిందీ ఆయనే. లోకంలో రెండే చేతుల్లోంచి తింటుంది బిజిలీ. ఒకటి సోమయ్యది. రెండోది ఆయనది.

ఆయన చెప్పాక ఇంకేముంది?

సోమయ్య వేణ్ణీళ్ళు కాచాడు. బిజిలీకి తల రుద్దాడు, చెవులు రుద్దాడు, గోళ్ళ సందులు కడిగాడు. జొన్నరొట్టె పాలలో నానబెట్టి ముద్దలు చేశాడు.

బిజిలీ ఒక్కో ముద్దా తిని చెయ్యి నాకింది. మనిషి ఏడుస్తున్నాడని దానికి తెలుసు. ఎందుకో తెలియదు.

*

సాయంత్రం. నీలం గేటు క్లినిక్.

మేకలు, బర్రెలు, మందుల వాసన. రాజారావు సూది సిద్ధం చేస్తున్నాడు. మందు సీసా చేజారబోయింది. పాపం, ఆయనకూ బాధే అనుకున్నాడు సోమయ్య.

"సార్... జెర ఆగుండ్రి."

"ఏంటి సోమయ్యా?"

"ఒక్క ఆట ఆడిపిస్త సార్. ఓడిపోయిన కుక్కను గట్లనే పండవెట్టొద్దు. ఏదన్న ఒకటి దాచిపెట్టి, దొరికేటట్టు చేసి, శబాష్ అని పండవెట్టాలె. మా పద్ధతి మీకెర్కే గద."

రాజారావు సిరంజి కింద పెట్టలేదు. "ఇప్పుడెందుకయ్యా... దాన్ని అలసటపెట్టకు."

"ఆఖరిది సార్. గెలిచి పోనియ్యుండ్రి!"

క్లినిక్ ఊడ్చే బీరమ్మ చీపురు పక్కన పడేసింది. బిజిలీ వచ్చినప్పుడల్లా దాని ఒళ్ళు దువ్వేది ఆమే. తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి సోమయ్య చేతిలో పెట్టింది. కళ్ళొత్తుకుంటూ వెనక్కి పోయి గడ్డివాము చాటున దాక్కుంది.

"బిజిలీ! సూంఘ్!"

బిజిలీ గుడ్డ వాసన చూసింది. తోక ఊపింది. కదిలింది...

మేకల మధ్య నుంచి. పేడకుప్ప పక్క నుంచి. ఫినాయిలు నీళ్ళ మీదుగా. ఎక్కడా ఆగలేదు! తడబడలేదు! నేరుగా గడ్డివాము వెనక్కి...

"అమ్మో, దొరకవట్టింది!" బీరమ్మ కేక.

బిజిలీ కాళ్ళు బీరమ్మ భుజాల మీద. నాలుక బీరమ్మ బుగ్గల మీద.

"శబాష్! శబాష్ నా తల్లీ!" సోమయ్య మట్టిలో కూలబడి దాన్ని వాటేసుకున్నాడు. బిజిలీ కళ్ళు మెరుస్తున్నాయి. రాత్రి నుంచి దానికి కావలసింది ఆ ఒక్క మాటే.

"ఇక చాలు" అన్నాడు డాక్టర్. "తీసుకురా. ఆలస్యం చేస్తే దానికే కష్టం."

లోపల చాప పరిచారు. సోమయ్య దాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. రాజారావు వంగగానే బిజిలీ తనంతట తనే ముందు కాలు చాపింది. ఆయన దగ్గర దానికి ఎప్పుడూ భయం లేదు.

సూది దిగింది.

"పండుకో బిడ్డా... నేనున్న..."

బీరమ్మ ముక్కు చీదింది. "గంత మంచిగ పట్టుకున్నది గద తమ్మీ! మరి నన్ను సూసి మొరగకపాయె? దొంగ దొరికితె మొరుగుతదంటరు గద?"

"నువ్వంటె దానికి పానమక్కా. పానమసొంటోళ్ళు దొరికితె మొరగది. కాళ్ళు మీదేసి తోక..."

ఆగిపోయాడు!

కాళ్ళు మీదేసి... తోక...

రాత్రి. ఇదే ఇల్లు. అచ్చం ఇలాగే!

రుమాలు చూడగానే తోక ఊపింది. అక్కడే ఊపింది! శవం పక్కనే! ఎవరి రుమాలైతే... వాసన తెలిసిన మనిషిదైతే... ప్రాణంలాంటి మనిషిదైతే...

తడి జుట్టు!

"సార్! ఆపుండ్రి! సూది గుంజుండ్రి సార్!"

రాజారావు తలెత్తలేదు. సిరంజి ఖాళీ అయింది.

"విరుగుడు! విరుగుడియ్యుండ్రి! మీ కాల్మొక్త!"

"లేదు సోమయ్యా... దీనికి విరుగుడు లేదు."

బిజిలీ ఒక్కసారి పెద్దగా ఊపిరి పీల్చింది. తోక చాప మీద మెల్లగా కొట్టుకుంది. ఒకసారి... ఇంకోసారి...

ఆగిపోయింది.

"దాని ముక్కు పోలేదు" అన్నాడు సోమయ్య. "మంచిగ పట్టుకున్నది. పట్టుకొచ్చి నాకు చూపెట్టింది. నేనే... నేనే ముఖం తిప్పుకున్న!"

రాజారావు గోడకు జారగిలబడ్డాడు.

"రాములు బర్రెలు ఆ నాలా నీళ్ళు తాగే చచ్చాయి సోమయ్యా. రోగమని చెప్పమన్నారు ఫ్యాక్టరీవాళ్ళు. చెప్పాను. రాములు కలెక్టర్ దగ్గరికెళ్ళి నా అబద్ధం బయటపెడతానన్నాడు. బతిమాలాను. రుమాలు పట్టుకు లాగాడు... తోశాను. మోరీ రాయి తగిలింది. అంతే! చంపాలని కాదు!"

"మరి దీన్ని?"

డాక్టర్ చాప వైపు చూశాడు. "ఎప్పుడు వాసన చూపించినా అది నా దగ్గరికే వస్తుంది. ఒక రోజు నీకు అర్థమైపోతుంది. నేనే బతికించానయ్యా దాన్ని... నేనే..."

బయట జీపు చప్పుడు. సి.ఐ!

రాజారావు ఉలిక్కిపడ్డాడు. కిటికీలోంచి చూశాడు. వెనక తలుపు వైపు దూకాడు!

సోమయ్య లేవబోయాడు. లేవలేకపోయాడు. ఒళ్ళో తల ఉంది. దాన్ని నేల మీద పెట్టడానికి చేతులు రావడం లేదు.

డాక్టర్ పెరట్లోకి... గడ్డివాము దాటి... గోడ వైపు...

సోమయ్య నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది కేక.

"బిజిలీ! పకడ్!"

ఒళ్ళో కదలిక లేదు.

బీరమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

"సార్! డాక్టరే! పెద్దరాములును చంపింది డాక్టరే! గోడ దుంకుతున్నడు!" సోమయ్య అరిచాడు.

సి.ఐ. బూట్లు పరిగెత్తాయి. "రాజారావ్! ఆగు! ఆగు లేకపోతే కాలుస్త!"

ఢాం!

గాల్లోకి కాల్చాడు. మేకలు చెల్లాచెదరయ్యాయి. గోడ మీద రాజారావు చేతులెత్తేశాడు.

సోమయ్య అటు చూడలేదు. వంగి బిజిలీ కళ్ళలోకి చూస్తున్నాడు. పిస్తోలు పేలింది కదా. ఇప్పుడు అది తన మొహం చూడాలి. ఎప్పుడూ చూస్తుంది.

చూడలేదు.

"నేనున్న బిడ్డా..." అన్నాడు సోమయ్య. "నడువ్."