ముగ్గురాయి బస్తాల నడుమ గామా

కర్నూలులో ఒక విత్తనాల దుకాణం వెనక గది. చీఫ్ జయకుమార్ కాగితం మీద ఒకే ఒక్క అక్షరం గీసి, ఏజెంట్ ప్రమీలారాణి ముందుకు తోశాడు. γ.

"గామా. గ్రీకు అక్షరాల్లో మూడోది."

ప్రమీలకు అది ఉచ్చులా కనిపించింది. కింద బిగిసిన ముడి, పైన రెండు కొసలు. ఏ పనికైనా ముందు కీడెంచడం ఆమెకు అలవాటు. పద్నాలుగేళ్ల సర్వీసులో ఆమెను బతికించింది ఆ అలవాటే.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. ఆ అక్షరం పేరు పెట్టుకున్న కిరణాలతో ఆసుపత్రుల్లో క్యాన్సర్ గడ్డలు కాలుస్తారు. ఫ్యాక్టరీల్లో మూసిన తొట్టిలో సరుకు ఎంతదాకా ఉందో చూస్తారు. నిల్వ పెట్టిన ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, మొలకెత్తకుండా ఆపుతారు. అలాంటి పనికి వాడే, కిరణాలు చిమ్మే గామా సోర్స్ గుళిక ఒకటి, టిఫిన్ డబ్బా అంత సీసపు కుండలో ఉన్నది, ఒక విదేశీ ముఠా చేతిలో పడింది. దాన్ని చెన్నై చేర్చి, జనం కిక్కిరిసిన చోట మూత తీస్తారు. వాసన ఉండదు, చప్పుడు ఉండదు. తీసుకుపోయేది మంగంపేట ముగ్గురాయి మిల్లు లారీలో. కుండ దాటి బయటికొచ్చే కాస్త గామాను బరువైన ముగ్గురాయి పొడి, అదే బెరైటీస్, మింగేస్తుంది. చుట్టూ ఆ బస్తాలు పేరిస్తే చెక్‌పోస్టులో డిటెక్టర్ మోగదు.

"చెక్‌పోస్టు దాటితే మన చేతుల్లో ఏమీ ఉండదు. మిల్లులో మన మనిషి హిమబిందు ఉండాది, సాయం చేస్తాది," అన్నాడు చీఫ్.

ఎనిమిది రోజులు ప్రమీల సుంకమ్మ పేరుతో మిల్లులో బస్తాల మూతులు కుట్టింది. తొమ్మిదో రోజు పొద్దున హిమబిందు కారు దిగింది. ఎక్స్‌పోర్ట్ మేనేజర్ వేషం, నల్ల కళ్లద్దాలు, మామిడిపండు రంగు పట్టుచీర. కోడ్‌వర్డ్ తప్పు లేకుండా చెప్పింది. సగం లోడైన లారీ చూపించి, నడుమ గుంతలా వదిలిన చోటే సోర్స్ ఉందని, హమాలీలు టీకి పోయారని, దిగి కళ్లారా చూసుకోమని గుసగుసలాడింది.

ప్రమీల దిగింది. నెత్తిన పలక పడింది. పలక మీద బస్తా, దాని మీద బస్తా.

"ఊపిరి ఆడేంత సందు పెట్టించినాలే అక్కా," పైనుంచి హిమబిందు గొంతు వచ్చింది. "నేను మొదట్నుంచీ వాళ్ల మనిషినే. అరిచి గొంతు పోగొట్టుకోవద్దు. ఇంజన్ మోతలో యాడ వినపడుతుంది?"

లారీ కదిలింది.

నిటారుగా నిలబడితే నెత్తికి పలక, మోకాలు వంచితే బస్తా. ఫోన్ మిల్లు గేటు దగ్గరే ఉండిపోయింది. వీపుకు ఒక బస్తా గుండ్రంగా, గట్టిగా ఒత్తుకుంటోంది. కుండ అందులోనే ఉంది. ప్రమీల రొండిన దోపుకున్న డోసీమీటర్, ఒంటికి తగిలే గామాను కొలిచే పెన్ను, తీసి మీట నొక్కింది. చిన్న వెలుగులో ముల్లు ముందుకు పాకుతోంది. మోతాదు మించితే ముందు వాంతులు, తర్వాత వెంట్రుకలు రాలడం. ఐదో తరగతి చదివే కూతురికి రేపటినుంచి జడ ఎవరు వేస్తారో, నూనె పెట్టకుండా చిక్కు లాగేస్తారేమో అనుకుంది. ఆపైన ఏడుపు మింగి ఆలోచించింది.

కోడూరు దాటగానే చెక్‌పోస్టు. డిటెక్టర్ మోగాలంటే ఎదురుగా ఉన్న బస్తాల గోడలో సందు పడాలి. యాభై కిలోల బస్తా ఈ ఇరుకులో కదలదు. కానీ పొడి రోడ్డుపాలు కాకుండా బస్తాల మూతులు లోపలి వైపు తిప్పి పేర్చడం హమాలీల పద్ధతి. దొంగసరుకైనా వాళ్ల చేతులు అలవాటు తప్పలేదు. మూతులన్నీ ఆమె వైపే ఉన్నాయి.

చీకట్లో ఒక దారం కొస దొరకబుచ్చుకుని లాగింది. ముడి బిగిసింది. మిల్లులో పక్కన కూర్చుని కుట్టే వెంకటలక్ష్మమ్మ ఈ తప్పుకే రోజూ తిట్టేది. నున్నటి పక్క నీ దిక్కు పెట్టుకో, కుడిచేతి కొస లాగు, ఎడమది లాగితే సచ్చినా రాదు అని. ప్రమీల బొటనవేలితో పక్క బస్తా కుట్టు తడిమింది. నున్నగా తగిలింది. కుడి కొస లాగింది.

కుట్టంతా సర్రున ఊడి పొడి మీద పడింది. చేయి దూర్చి గోకింది. మోకాళ్ల దాకా పొడి. రెండో బస్తాకు నడుము దాకా. సందు చేసే కొద్దీ తనే పూడిపోతోంది. కొంగు ముక్కుకు కట్టుకుంది. కుండకూ రోడ్డుకూ నడుమ ఇంక ఒక్క బస్తా, తను. మనిషి ఒంట్లో గామా ఆగదు, దూరి అవతలికి పోతుంది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. పక్కకు జరగడానికి చోటు లేదు.

లారీ ఆగింది. ముగ్గురాయి సార్ అంటున్నాడు డ్రైవర్. కేబిన్‌లో హిమబిందు నవ్వు. డిటెక్టర్ మూగగా ఉంది. గేటు కర్ర కిర్రుమని లేచింది, ఇంజన్ గేరు పడింది.

ప్రమీల మూడో దారం లాగింది. పొడి గుండెల దాకా వచ్చింది. లారీ పక్కచెక్కల సందులోంచి పట్టెడు వెలుతురు పడింది.

డిటెక్టర్ కూతపెట్టింది.

ఎర్రచందనం దుంగలు పట్టుకోవడమే తప్ప వేరే పని ఎరగని గార్డు ఉరుకుందప్ప టార్పాలిన్ లాగి, బస్తాలు దింపించి, పలక ఎత్తాడు. గుండెల దాకా పూడి, పొడికి తెల్లబడిన ఆడమనిషి.

"ఎవరమ్మా నువ్వు?"

"అది తర్వాత. ముందు కేబిన్‌లో ఆ కళ్లద్దాలామెను పట్టుకోప్పా. నన్ను లాగినాక అందరూ దూరం జరగండి."

సాయంత్రం కడప ఆసుపత్రిలో చీఫ్ పక్కన కూర్చున్నాడు. కుండ భద్రంగా ఉందని, హిమబిందు ముఠా పేర్లన్నీ చెబుతోందని చెప్పాడు. ఒంట్లోకి పోయిన గామా నాలుగైదు సీటీ స్కానింగుల్లో తగిలేంతే, భయం లేదని డాక్టరు అన్నాడట. చీఫ్ పది రోజులు సెలవు కూడా ఇచ్చాడు.

ప్రమీల ముఖం పాలిపోయింది.

"రెండు రోజులకు మించి ఎప్పుడూ ఇయ్యరు గదా సార్. పది రోజులంటే... డాక్టరు నిజంగా ఏం చెప్పినాడు?"