నూనె దిగిన తూటాలు

టక్!

అంతే. పేలలేదు.

జిన్నింగ్ మిల్లంతా చీకటి. సకల జనుల సమ్మె మొదలయ్యాక కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. జనగామ జనమంతా చౌరస్తాలో దీక్షా శిబిరం దగ్గరే ఉన్నారు. ఆ నినాదాల హోరులో ఇక్కడి అరుపు ఎవరికి వినపడుతుంది?

గేటు దూకినవాడు పత్తి కుప్పల మధ్య నుంచి వస్తున్నాడు. చేతిలో వేటకొడవలి...

తిరుపతి! జానకి భర్త దత్తాత్రేయను నరికి చంపినవాడు. చూసింది ఆమె ఒక్కతే. రేపు మేజిస్ట్రేట్ ముందు వాడి పేరు చెప్పబోతోంది.

చెప్పాలంటే ముందు ఈ పూట బతకాలి.

జానకి పిస్టల్ స్లైడ్ లాగుతుంది. పేలని తూటా కింద పడుతుంది. ఇంకోటి ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. గురి... నొక్కుతుంది...

టక్!

ఇదీ పేలలేదు.

పత్తి బేళ్ల వెనక్కి దూరుతుంది. భర్త వాడిన పాయింట్ థర్టీటూ పిస్టల్ ఇది. ఆయనే నేర్పాడు కాల్చడం. ఏనాడూ మొరాయించలేదు. మరి ఇవాళ ఏమొచ్చింది దీనికి?

మళ్లీ స్లైడ్ లాగుతుంది. ఈసారి తూటా ఒడిలో పడింది. వేళ్లకు జిడ్డు. నువ్వుల నూనె వాసన... కుంకుమ!



మొన్న దసరాకు పిస్టల్‌కు పూజ చేసింది మరిది విజయ్. తూటాలను పళ్లెంలో నూనె పోసి రాత్రంతా అందులోనే ఉంచాడు. తెల్లారి జానకి తల కొట్టుకుంది.

"అడుగున క్యాప్‌లకు నూనె దిగుతదిరా. లోపలి మందు తడిస్తే ఇవి పేలయి. డబ్బాల కొత్తవి ఉన్నయి, గవి ఎక్కియ్యి."

"ఎక్కించిన వదినా," అన్నాడు సాయంత్రం. ఆమె విప్పి చూసుకోలేదు. విజయ్ మాట మీద అనుమానం ఎందుకొస్తుంది?

మరిచిపోయాడేమో... అంతేనేమో...

తిరుపతి వెనక షట్టర్ లేస్తుంది. టార్చ్ వెలుగు. విజయ్!

"ఇటు రాకు విజయ్. తిరుపతి ఉన్నడు. వాని చేతుల కొడవలి ఉంది."

విజయ్ ఆగడు. తిరుపతి పక్కకు జరిగి అతనికి దారిస్తాడు.

"గింత లేటా అన్నా?" అంటాడు తిరుపతి.

జానకికి ఇంక అడగాల్సిందేమీ లేదు. అయినా అడుగుతుంది.

"మీ అన్నను నువ్వే సంపించినవా?"

"మా నాయిన కట్టిన మిల్లు వదినా ఇది. అన్న నన్ను జీతగాని లెక్క చూసిండు. ఎన్నేండ్లు పడాలె?"

"నీకు టైఫాయిడ్ వస్తే దవాఖానల నీ పక్క ఇడువకుండ కూసున్నది నేను గాదా?"

"గందుకే వీన్ని తోలిన. నా చేతుల్తోని చెయ్యలేక."

 భర్త పోయిన రోజు కూడా ఆమెకు ఇంత ఒంటరిగా అనిపించలేదు. ఆ రోజు పాడె మోసినవాడు వీడే. తన కన్నీళ్లు తుడిచినవాడూ వీడే!

లేచి నిలబడుతుంది. పిస్టల్ విజయ్ రొమ్ముకు గురి పెడుతుంది. ఛాంబర్‌లో ఉన్న తూటా పేలుతుందో లేదో ఆమెకూ తెలియదు.

విజయ్ నవ్వుతాడు. చెయ్యి చాచి నడిచి వస్తాడు.

"తిప్పల పడకు. అన్ని నేనే నానబెట్టిన. ఇటియ్యి."

"ఆడనే ఆగు."

"పేలయని నువ్వే చెప్పినవ్ గద వదినా."

"నూనె అన్నింట్ల ఒక్కతీరుగ దిగదురా. పేలయని గూడ నమ్మొద్దు."

ఢాం!

తిరుపతి కొడవలి పారేసి గేటు వైపు పరుగు తీస్తాడు.

విజయ్ మోకాళ్ల మీద కూలిపోతాడు. మోసపోయింది తనే అన్నట్టు వదిన ముఖంలోకి చూస్తాడు.