ఎవరూ తొక్కని చోటు

భాద్రపదం వచ్చిందంటే కడియంలో జనం పెట్టెల్లోంచి ఉన్ని శాలువాలు తీస్తారు. వీధిలో నలభై ఒక్క డిగ్రీల ఎండ మాడ్చేస్తూ ఉంటుంది; పెరటి తలుపు తీసి అడుగుపెడితే పళ్ళు టకటకలాడతాయి. 2091 నాటికి ఆ ఊళ్ళో పెరడున్న ప్రతి ఇంట్లోనూ ఒక చలిగొడుగు, ప్రతి చలిగొడుగు కిందా ఒక జపాన్ మేపుల్ చెట్టు ఉన్నాయి. ఎవరి చెట్టు ఎంత ఎర్రబడిందన్నది పిల్లల మార్కుల కంటే పెద్ద చర్చ.

చలిగొడుగు కనిపెట్టింది ఆ ఊరి డాక్టర్ తన్మయి. వృక్షశాస్త్రవేత్త, అరవై ఆరేళ్ళావిడ. ఆ తరం బామ్మలందరి పేర్లూ అలాగే ఉంటాయి, తన్మయి, లాస్య, జశ్విత అని.

మేపుల్ చలిదేశపు చెట్టు. ఏడాదికి వెయ్యి గంటలైనా చలిలో నిద్రపోకపోతే దానికి చిగురు రాదు, నాలుగేళ్ళు ఈడ్చి చచ్చిపోతుంది. గోదావరి జిల్లాలో వెయ్యి గంటల చలి ఎక్కణ్ణుంచి వస్తుంది? తన్మయి ఆకాశం నుంచి తెచ్చింది. వేడిలో ఒక రకం పరారుణ కిరణాలను మన గాలి ఆపలేదు. అవి నేరుగా అంతరిక్షంలోకి పోతాయి. ఒక పెరటి వేడినంతా ఆ కిరణాలుగా మార్చి పైకి పంపే పల్చటి పొరను ఆమె తయారుచేసి, దానికి 'రుతుపటలం' అని పేరు పెట్టింది. దాన్ని చెట్టు మీద గొడుగులా విప్పి, చుట్టూ గాలితెర కడితే లోపల శరత్తు దిగుతుంది. కావాలంటే మూడు నెలలు అలాగే నిలుస్తుంది.

గొడుగు కర్రలో 'మాలి' ఉంటుంది. వేళ్ళ దగ్గర మట్టినీ, ఆకుల్లో చక్కెరనూ కొలిచి, చెట్టు మంచిచెడ్డలు నోటితో చెప్పే యంత్రం అది. కొమ్మలు విరుచుకుపోయేవాళ్ళుంటారని గోడవైపు దానికో కన్ను కూడా పెట్టారు. ఇంటివాళ్ళు విసుక్కుని దాని నోరు మూయిస్తే, హెచ్చరికలు దగ్గర్లో ఉన్న వృక్షవైద్యులకు వెళ్తాయి. ఆ నియమం రాసింది కూడా తన్మయే.

ఇన్ని కనిపెట్టిన మనిషి చెట్టు ఎర్రబడలేదు. పక్కింటావిడ చెట్టు ఎర్రబడింది.

పక్కింటి లాస్య ముప్పై ఏళ్ళు పూతరేకులు చేసి, చేతులు మొద్దుబారి మానేసిన మనిషి. ఆవిడకి శాస్త్రం రాదు. చెట్టుకి నీళ్ళు పొయ్యడం రోజు విడిచి రోజు మర్చిపోయేది. ఎరువు మాటే ఎత్తేది కాదు. "కుండ మీద చెయ్యి కాల్చుకుని బతికానండీ, ముసలితనంలోనైనా చల్లగా కూర్చుందావని పెట్టుకున్నాను," అంటూ చెట్టు కింద శాలువా కప్పుకుని కూర్చునేది. ఆ చెట్టు అడుగునుంచి చిటారు దాకా కుంకుమ రాసినట్టుంది.

తన్మయి చెట్టు పచ్చగా, అంచుల దగ్గర తుప్పురంగులో ఉంది. ఆమెకు కారణం తెలియకపోలేదు. రోజూ పొద్దున మాలి చెబుతూనే ఉంది.

"మళ్ళీ నత్రజని వేశారు, డాక్టర్. నీళ్ళు కూడా ఎక్కువయ్యాయి. ఇంత మేపితే ఆకు ఎర్రబడదు. ఎరుపు తెచ్చే ఆంథోసయనిన్ పుట్టాలంటే చెట్టుకి కాస్త కష్టం తెలియాలి."

"నాకు చెప్తున్నావా? ఆ సూత్రం నీకు నేర్పింది నేను."

"అందుకే చెప్తున్నాను."

తెలిసినా చెయ్యి ఊరుకోదు. పక్క గోడ మీదుగా ఎరుపు కనిపించిన రోజు ఇంకో చెంచా వేస్తుంది.

చలిగొడుగు పుట్టి పాతికేళ్ళయిన సందర్భంగా వార్తలవాళ్ళు ముగ్గురు వచ్చారు. తన్మయి నేత చీర కట్టుకుని తన చెట్టు పక్కన నిలబడింది. వాళ్ళు రెండు ప్రశ్నలు అడిగారు. ఇంతలో ఒకమ్మాయి గోడవైపు తిరిగి "అబ్బ!" అంది. అంతే, ముగ్గురూ పక్కింట్లోకి వెళ్ళిపోయారు. మర్నాడు వార్తలో తన్మయి పేరు ఉంది, లాస్య చెట్టు ఉంది. 'డాక్టర్ తన్మయి సృష్టి' అని కింద రాశారు. పొగడ్తే కదా అని మనసుకు నచ్చజెప్పుకోబోయింది గానీ, ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుంది.

ఆ సాయంత్రం గోడ దగ్గర నిలబడి చూసింది. లాస్య చెట్టును చూసింది. ఎంతసేపు చూసిందో ఆమెకే తెలియదు. లాస్య తలెత్తి నవ్వి, "రండి డాక్టరుగారూ, టీ పెడతాను," అంది. తన్మయి తల అడ్డంగా ఊపింది. బాగుంది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది.

కాసేపటికి లాస్య ఇత్తడి పళ్ళెంతో బయటికొచ్చింది. పళ్ళెంలో నీళ్ళు, పసుపు. కిళ్ళీ సున్నం డబ్బాలోంచి వేలితో ఇంత తీసి కలిపింది. నీళ్ళు ఎర్రగా తిరిగాయి. చెట్టు చుట్టూ మూడుసార్లు తిప్పి, ఏదో గొణిగి, చెట్టు మొదట్లో పోసింది. దిష్టి తీసిన ఎర్రనీళ్ళు ఎవరూ తొక్కని చోట పొయ్యాలి. పూర్వం వీధి చివర పోసేవారు. ఇప్పుడు వీధంతా కదిలే బాట, జనం తొక్కని జానెడు నేల లేదు. పెరటి నిండా చలువరాళ్ళు. మిగిలింది మేపుల్ పాదు ఒక్కటే.

సున్నం చూడగానే తన్మయి లోపలి శాస్త్రవేత్త ఉలిక్కిపడింది. మేపుల్‌కి పులుపు నేల కావాలి. సున్నం నేలను క్షారం చేస్తుంది, క్షారనేలలో వేళ్ళకు ఇనుము అందదు, చెట్టు మెల్లగా శుష్కిస్తుంది. ఒక పళ్ళేనికి ఏం కాదులే అనుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

వారం తర్వాత పొద్దున్నే ఆమె మాలి అంది: "పక్కింటి మాలి నోరు మూయించారు. దగ్గర్లో ఉన్న వృక్షవైద్యులు మీరే కనుక హెచ్చరిక మీకు వచ్చింది. నేలలో క్షారం పెరుగుతోంది. సున్నం ఆపాలి."

"ఎందుకు మూయించారట?"

"పొద్దున్నే పీడ మాటలు మాట్లాడుతోందట. చెట్టు నీరసపడిందని చెప్పడం అపశకునమట. మీరు వెళ్ళి చెప్తారా?"

వెళ్ళి చెప్పడానికి పది అడుగులు. తన్మయి శాలువా కూడా కప్పుకుంది. గుమ్మం దాకా వెళ్ళేసరికి పక్కింట్లోంచి ఎవరో చుట్టాల గొంతులు వినిపించాయి. "ఏం చెట్టండీ బాబూ, జపాన్‌లో కూడా ఇలాంటిది ఉండదేమో!" తన్మయి వెనక్కి వచ్చి, తెర మీద 'చూశాను' అన్న మీట నొక్కింది. చూశాను అంటే వైద్యులు చూసుకుంటారని యంత్రం అర్థం చేసుకుంటుంది. ఇంకాస్త ముదిరేదాకా మళ్ళీ అడగదు.

అలా పదకొండుసార్లు అడిగింది. పదకొండుసార్లూ తన్మయి చూశాను అంది. అబద్ధం కాదు కూడా. చూస్తూనే ఉంది. పొద్దున హెచ్చరికలో అంకె చూసేది, సాయంత్రం గోడ దగ్గరికెళ్ళి చెట్టును చూసేది. 'మూఢనమ్మకాలు మానమంటే నొచ్చుకుంటుంది, నాకెందుకు' అని ఒకరోజు, 'అడిగితే చెప్తాను, అడగనిదే ఎలా చెప్పను' అని ఇంకోరోజు అనుకునేది. అసలు సంగతి ఆమెకు తెలుసు. అసూయ. ఆ చెట్టు ఒక్క ఏడాది, ఒక్కటంటే ఒక్క ఏడాది, తన చెట్టుకంటే తీసికట్టుగా ఉంటే చూడాలని ఉంది.

ఆశ్వయుజం వచ్చేసరికి లాస్య చెట్టు ఎరుపు మాసింది. ఆకుల అంచులు మాడాయి, కొమ్మల చివర్లు ఎండాయి. లాస్య బెంబేలెత్తిపోయి పళ్ళెంలో సున్నం రెట్టింపు చేసింది. చిత్రమేమిటంటే అదే సమయంలో తన్మయి చెట్టు ఎర్రబడటం మొదలుపెట్టింది. పక్కచెట్టును చూడటంలో పడి ఆవిడ తన చెట్టుకి ఎరువెయ్యడం మర్చిపోయింది మరి.

చుట్టుపక్కలవాళ్ళు ఇప్పుడు తన్మయి గేటు తీసుకుని వస్తున్నారు. అందరికంటే ముందు లాస్యే వచ్చింది. చెట్టు కింద నిలబడి, తల పైకెత్తి, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని, "ఎంత బాగుందమ్మా! నా దానికన్నా మీది వెయ్యి రెట్లు బాగుంది," అంది. ఆ గొంతులో తన్మయి ఎంత వెతికినా కుళ్ళు దొరకలేదు. దొరికి ఉంటే ఆ పూట అన్నం సహించేది.

కార్తీకంలో ఒక సాయంత్రం లాస్య గోడ అవతలినుంచి పిలిచింది.

"డాక్టరుగారూ, ఒక్కసారి రండమ్మా. ఈ యంత్రం నోరు తెరిపించాలి. నాకు చాతకావట్లేదు."

తన్మయి వెళ్ళింది. చెట్టుకి ఇరవై ఆకులు మిగిలి ఉంటాయేమో. తన్మయి చేత్తోనే నోరు తెరిపించింది.

లాస్య గొడుగు కర్రకు ఎదురుగా నిలబడి, పురోహితుణ్ణి అడిగినట్టు అడిగింది. "నా చెట్టుకి ఎవరి దిష్టి తగిలిందో చెప్పు నాయనా."

తన్మయికి ఊపిరి తేలికైంది. అది యంత్రం. దిష్టి గిష్టీ దానికేం తెలుసు?

"దిష్టి అంటే నా నిఘంటువులో దృష్టి అని ఉంది," అంది మాలి. "ఎవరైనా చూడటం వల్ల చెట్టుకి నష్టం జరిగిందా అన్నది మీ ప్రశ్న. లెక్క చూస్తున్నాను. అవును, జరిగింది. గోడ దగ్గర ఒకరు నిలబడి చూసిన సాయంత్రాలు ముప్పై ఏడు. ఆ ముప్పై ఏడు మర్నాళ్ళలోనూ నేలలో క్షారం పెరిగింది. వేరెవరు చూసినా పెరగలేదు. ఆ చూసింది డాక్టర్ తన్మయి."

తన్మయి చేత్తో చేసిన పరికరం, కొలతలతో సహా, దిష్టి ఉందని రుజువు చేసింది.

"ఇదేం తర్కం!" అంది గట్టిగా. "నేను చూస్తే క్షారం పెరగడమేంటి? మీరు రోజూ పోస్తున్నారు కదా ఎర్రనీళ్ళు!"

"రోజూ ఎక్కడమ్మా?" అంది లాస్య. "మీరు చూసిన రోజే పోసేదాన్ని."

"నేను చూసిన రోజేనా? ఊరంతా వచ్చి చూశారుగా?"

"వాళ్ళందరూ బాగుంది బాగుంది అని నోరారా అనేసి పోయేవారండీ. అనేసినోళ్ళ కళ్ళల్లో ఇంకేం మిగలదు. మీరొక్కరే ఏమీ అనకుండా చూసేవారు. పెద్ద చదువుకున్న మనిషి, మిమ్మల్ని అనుకోడం తప్పే అని లెంపలేసుకునేదాన్ని. మళ్ళీ భయమేసి తిప్పి పోసేదాన్ని."

లాస్య మళ్ళీ గొడుగు కర్ర వైపు తిరిగింది.

"ఆ నీళ్ళల్లో ఏం ఉంది నాయనా, చెట్టుకి పడనిది?" అని లాస్య మాలిని అడిగింది.

"సున్నం."

"ముందే చెప్పొద్దూ మరి!"

"చెప్పాను. మీరు నోరు మూయించాక వైద్యులకు చెప్పాను. పదకొండుసార్లు. పదకొండుసార్లూ చూశాను అని జవాబొచ్చింది."

ఏ వైద్యులు అని లాస్య అడగబోతుంటే తన్మయే చెప్పింది. "నేనే."

లాస్య తిట్టలేదు. తిడితే బాగుండునని తన్మయి ఎదురుచూసింది. ఆవిడ పమిట చెంగుతో చేతులు తుడుచుకుని, "బతుకుద్దా?" అని మాత్రం అడిగింది.

"మట్టంతా మార్చాలి. మారిస్తే బతకొచ్చు. నేను చేస్తాను."

తన్మయి పాదు పక్కన కూలబడి చేతులతోనే మట్టి తోడటం మొదలుపెట్టింది. వేళ్ళ చుట్టూ సున్నం తెల్లగా గడ్డకట్టి ఉంది. చలికి చేతివేళ్ళు కొంకర్లు పోతున్నాయి. చాలాసేపు తోడాక తలెత్తి చూస్తే లాస్య పక్కన లేదు.

గోడ దగ్గర నిలబడి ఉంది. అవతల తన్మయి చెట్టు నిండుగా, ఎర్రగా, ఒక్క ఆకు రాలకుండా ఉంది. లాస్య దాన్నే చూస్తోంది. ఏమీ అనకుండా.

"లాస్యగారూ," అంది తన్మయి.

ఆవిడ తిరగలేదు.

"లాస్యగారూ, ఏదో ఒకటి అనండి."

లాస్య ఇంకాస్త చూసి, నెమ్మదిగా ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

తన్మయి చేతుల మట్టితోనే ఇంటికొచ్చింది. నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. పళ్ళెంలో నీళ్ళు పోసింది, పసుపు వేసింది. ప్రయోగశాల అల్మారాలో సీసా వెతికి చిటికెడు సున్నం కలిపింది. నీళ్ళు ఎర్రగా తిరిగాయి. పెరట్లోకి తెచ్చి, చెట్టు చుట్టూ మూడుసార్లు తిప్పింది.

"డాక్టర్," అంది మాలి. "అందులో సున్నం ఉంది. మీకు తెలుసు."

"తెలుసు," అంది తన్మయి.

పళ్ళెం పట్టుకుని, ఎవరూ తొక్కని చోటు ఇంకెక్కడైనా ఉందేమోనని పెరడంతా కలయజూసింది. అన్నివైపులా చలువరాళ్ళే. మెల్లగా పాదు వైపు వంగింది.