బాంబు షెల్టర్‌లో పారాయణం

పాస్‌పోర్టు మాయమైంది.

పరీక్ష మొదలైనప్పుడు టేబుల్ మీద ఉంది. పరీక్ష ముగిసేసరికి లేదు. తెల్లారి ఏడున్నరకు నిఖిల బ్యాంకాక్ విమానం ఎక్కాలి.

సెంబవాంగ్‌లోని ఆ పదకొండో అంతస్తు ఫ్లాట్‌కి స్టాఫ్ సార్జెంట్ మేనక చేరేసరికి శనివారం సాయంత్రం ఆరు దాటింది. బయట కుండపోత. ఇంట్లో కిటికీలన్నీ బిగించేశారు. హాల్లో నలుగురు మనుషులు ఒకరి మొహం ఒకరు చూడకుండా నిలబడి ఉన్నారు. గాలి ఆడటం లేదు.

మేనక ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి మలేషియా రబ్బరు తోటలకు వెళ్ళినవాళ్ళు. తండ్రి షిప్‌యార్డు పని కోసం సింగపూర్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. స్టేషన్‌లో తెలుగు వచ్చింది ఆమె ఒక్కతికే. అందుకని తెలుగిళ్ళ తగువులన్నీ ఆమె నెత్తినే పడతాయి. పాస్‌పోర్టు పోతే ఎవరైనా ఆన్‌లైన్‌లో రిపోర్టు ఇచ్చుకుంటారు. ఈ అమ్మాయి మాత్రం ఫోన్‌లో, "పోలేదు మేడమ్, తీశారు" అంది. ఆ మాట మీదే మేనక వచ్చింది.

"ఏటయిందో మొదట్నించి సెప్పమ్మా."

నిఖిల చెప్పింది.

ఆమె గుంటూరులో పళ్ళ డాక్టరు. పెళ్ళయి ఇక్కడికొచ్చాక ఆ చదువు చెల్లలేదు. భర్త శశికాంత్ సైన్స్ పార్క్‌లో ఇంజనీరు. అతని వర్క్ పాస్ మీద ఆధారపడి ఈ దేశంలో ఉండనిచ్చే డిపెండెంట్ పాస్ ఆమెది. ఆరేళ్ళు ఆ ఫ్లాట్‌కే అంకితమైంది. పిచ్చెక్కుతుందేమోనని భయపడి ఒక విదేశీ యూనివర్సిటీలో పబ్లిక్ హెల్త్ పీజీకి ఆన్‌లైన్‌లో చేరింది. ఇవాళ ఆఖరి పరీక్ష. రేపటి నుంచి బ్యాంకాక్‌లో పది రోజుల ఫీల్డ్ ట్రైనింగ్. దానికి వెళ్ళకపోతే డిగ్రీ ఇవ్వరు. ఒకసారి ఆమె వాయిదా వేసుకుంది, రెండోసారి ఒప్పుకోరు. డిగ్రీ చేతికొస్తే తువాస్‌లో కార్మికుల డార్మిటరీలకు ఆరోగ్య సేవలందించే ఒక సంస్థ ఉద్యోగమిస్తానంది.

"అంటే ఈ పాస్‌పోర్టు బుక్కు లేకపోతే మూడేళ్ళ సదువూ లాంగ్‌కాంగ్‌లో పోసినట్టే," అంది మేనక. లాంగ్‌కాంగ్ అంటే ఇక్కడ వాన నీటి కాలువ.

"అంతే మేడమ్."

పరీక్ష ఇంట్లోంచే. కంప్యూటర్ కెమెరా మనిషిని చూస్తూ ఉంటుంది, మైకు గదిని వింటూ ఉంటుంది. ఈ నిఘా ఎంత కర్కశమో మాక్ టెస్టులో తెలిసొచ్చింది. కుక్కర్ కూస్తే వార్నింగ్ ఇచ్చింది. అత్తగారు హైమావతి వంటింట్లోంచి మామూలు గొంతుతో టీ పెట్టనా అని అడిగితే, మూసిన తలుపు దాటొచ్చిన ఆ గొంతును కూడా పట్టేసి, పరాయి మనిషి మాట అంటూ ఇంకో వార్నింగ్ ఇచ్చింది. అప్పట్నుంచి పరీక్ష అంటే ఇల్లంతా మునివేళ్ళ మీద నడుస్తుంది.

మధ్యలో మూడున్నరకు పది నిమిషాల బ్రేక్. అప్పుడు కెమెరా, మైకు రెండూ ఆగిపోతాయి. నిఖిల బాత్రూమ్‌కి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. బ్రేక్‌కి ముందూ తర్వాతా గదంతా కెమెరాకి తిప్పి చూపించాలి. ఆ రెండు ఫొటోలనూ హెల్ప్‌డెస్క్‌ని అడిగి తెప్పించుకుంది. మొదటి దాంట్లో నీళ్ళ సీసా పక్కన పాస్‌పోర్టు నీలం అట్ట కనిపిస్తోంది. రెండో దాంట్లో సీసా ఒక్కటే ఉంది. గడియారం తరుముతుంటే ఆమె అది గమనించలేదు.

కాబట్టి దొంగ ఆ పది నిమిషాల్లోనే వచ్చాడు. ఇంట్లోవాళ్ళలోనే ఉన్నాడు.

అదే గదిలో అల్మారా మీద ఉన్న వజ్రపుటుంగరాన్ని ముట్టుకోలేదు. కొత్త ఫోన్‌నీ ముట్టుకోలేదు. అంటే దొంగకి కావలసింది సొమ్ము కాదు, నిఖిల ప్రయాణం ఆగడం.

"ఆ టైమ్‌లో ఎవరెక్కడున్నారు?"

అందరికంటే ముందు శశికాంత్ అందుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. వాళ్ళమ్మకి శనివారాల్లో మూడు నుంచి నాలుగు వరకు ఆన్‌లైన్ పారాయణం ఉంటుందన్నాడు. పరీక్షకి అడ్డం కాకూడదని పూజగదిలో కూర్చుని తలుపు గట్టిగా వేసుకున్నారట. ఆవిడకి ఫోన్ పట్టుకోవడం, బటన్లు నొక్కడం చేతకాదు కాబట్టి గంటసేపూ తనే పక్కన కూర్చుని పట్టుకున్నాడట.

"అవునా ఆంటీ?"

హైమావతి అరవై దాటిన మనిషి. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని ఉంది.

"అవునమ్మా. నా పక్కనే ఉన్నాడు." ఆ మాట చెప్పి నేల చూపులు చూసింది.

మిగిలింది నవనీత్. అద్దెకుంటున్న కుర్రాడు. తువాస్‌లో నైట్ షిఫ్ట్ చేసి వచ్చి తన గదిలో పడుకున్నాడు. నిద్రకి సాక్షి ఎవరుంటారు? శశికాంత్ అతని వైపు చెయ్యి చూపించలేదు గానీ, ఈ రోజుల్లో పరాయివాళ్ళని ఇంట్లో పెట్టుకోవడం తన తప్పేనన్నాడు.

పోలీసు కేసంటే నవనీత్ వర్క్ పాస్ గల్లంతే. నా గది వెతకండి మేడమ్ అని తనే తలుపు తీశాడు. మేనక వెతికింది. ఉతకని యూనిఫారాలు, నూడుల్స్ ప్యాకెట్లు తప్ప ఏమీ లేవు. శశికాంత్ గదిలో నంబర్ లాక్ వేసిన క్యాబిన్ బ్యాగ్ ఒకటుంది. ఆఫీసు కాగితాలున్నాయి, బయటివాళ్ళకి చూపించకూడదన్నాడు. మేనక అప్పటికి ఊరుకుంది.

తర్వాత పూజగది.

నిజానికది బాంబు షెల్టర్. యుద్ధం వస్తే దాక్కోవడానికి ఇక్కడి కొత్త ఫ్లాట్లన్నిటిలోనూ కడతారు. మందపాటి కాంక్రీటు గోడలు, బరువైన ఇనప తలుపు. యుద్ధం ఎటూ రాలేదు కాబట్టి జనం బియ్యం బస్తాలూ పాత సూట్‌కేసులూ పెట్టుకుంటారు. హైమావతి దేవుళ్ళను పెట్టుకుంది.

పీట మీద కూర్చుని మేనక పారాయణం గ్రూపు పెద్ద నాగమల్లేశ్వరికి ఫోన్ చేసింది. నాగమల్లేశ్వరి ఒకటడిగితే పది చెప్పే మనిషి. హైమావతిగారు మొదటి నుంచి చివరి దాకా ఉన్నారంది. ఆవిడ గొంతు అందరికంటే పైన వినిపిస్తుందట. మైకు ఆపుకోండి తల్లీ అని ఎన్నిసార్లు మొత్తుకున్నా ఆపరట. మోస్తరు గొంతు కాదట, వీధి చివరికి వినపడుతుందట.

హాల్లోవాళ్ళకి వినబడకూడదని మేనక కాలితో తలుపు లాక్కుంది. ఇనుము ఇనుముకి తగిలింది. ఒక్కసారిగా వాన చప్పుడు ఆగిపోయింది. ఆ గదిలో తన ఊపిరి తనకే గట్టిగా వినిపించింది. నాగమల్లేశ్వరి మాట కూడా సగంలో తెగిపోయింది. పాడు వాన, నెట్‌వర్క్ పోయినట్టుందనుకుని మేనక బయటికొచ్చి మళ్ళీ కలిపింది. ఆవిడ ఆపిన చోటు నుంచే మొదలుపెట్టింది.

శశికాంత్‌కి సాక్ష్యం గట్టిగానే ఉంది. తల్లి కాల్‌లో ఉంది, కొడుకు తల్లి పక్కన ఉన్నాడు.

హాల్లో నిఖిల సోఫా చివర కూర్చుని ఉంది. సర్దిన సూట్‌కేసు ఆమె కాళ్ళ దగ్గరే ఉంది. పరీక్షైనా బాగా రాశావా అమ్మా అని మేనక అడిగింది, వేరే ఏం మాట్లాడాలో తెలియక.

"రాశాను మేడమ్. రిపోర్టు కూడా వచ్చేసింది. ఒక్క వార్నింగ్ లేదు. మూడు గంటల్లో ఇంకో మనిషి గొంతే వినపడలేదట." నవ్వబోయింది, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

మేనక కూడా ఆగిపోయింది.

బ్రేక్ పది నిమిషాలే. పారాయణం గంట. మిగిలిన యాభై నిమిషాలూ మైకు తెరిచే ఉంది. వంటింట్లోంచి టీ పెట్టనా అంటేనే పట్టుకునే మైకు అది. వీధి చివరికి వినపడే గొంతు దానికి వినపడలేదా?

ఆమె అందరినీ హాల్లో కూర్చోమంది.

"నవనీత్, నీ ఫోన్‌లో మీ ఫ్రెండ్ ఎవరికైనా వీడియో కాల్ చెయ్యి. చేశావా? మాట్లాడుతూనే ఆ షెల్టర్‌లోకి వెళ్ళి తలుపేసుకో."

నవనీత్ వెళ్ళాడు. తలుపు పడింది. నిమిషం తర్వాత బయటికొచ్చాడు.

"కట్ అయిపోయింది మేడమ్. వైఫై లేదు, సిగ్నలూ లేదు."

"లేదు కదా. ఇందాక నాకూ అంతే. వానని తిట్టుకున్నాను. వాన తప్పు కాదు, ఆ గోడల తప్పు." మేనక తల్లీకొడుకుల వైపు తిరిగింది. "తలుపేస్తే కాల్ ఉండదు. తలుపు తీస్తే ఆంటీ గొంతు పరీక్ష మైకులో పడాల. పడలేదు. కాని అక్కడ గ్రూపోళ్ళు మాత్రం ఆంటీ గొంతు సక్కగా విన్నారు. అంటే ఆ గంటసేపు ఆంటీ ఈ ఇంట్లోనే లేరు. ఆంటీ ఇంట్లో లేకపోతే, పక్కన కూర్చుని ఫోన్ పట్టుకున్నది ఎవరికి శశికాంత్?"

శశికాంత్ ఏదో అనబోయాడు. కొత్త రౌటరనీ, ఒక్కోసారి సిగ్నల్ వస్తుందనీ నీళ్ళు నమిలాడు. మేనక అతన్ని పట్టించుకోలేదు. హైమావతి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఎక్కడున్నారు ఆంటీ?"

"కింద," అంది హైమావతి. "వాయిడ్ డెక్‌లో, బిల్డింగ్ అడుగున ఆ ఖాళీ చోట, రాతి బల్ల దగ్గర. కాల్ కలిపి ఫోన్ చేతికిచ్చి కిందికి పొమ్మన్నాడు."

ఇంకేమీ దాచడానికి మిగల్లేదు. బ్యాగ్ తెరవమంది మేనక. శశికాంత్ కదల్లేదు. ఇంకొకరి పాస్‌పోర్టు తీసి దాచడం దొంగతనమే అవుతుందనీ, తెరవడానికి స్టేషన్‌కి రావలసి వస్తే అది ఇంకో లెక్క అవుతుందనీ చెప్పాక లేచాడు. లాక్ నంబర్లు తిప్పడం మొదలుపెట్టాడు.

"వెళ్తే తిరిగి రాదు మేడమ్," అన్నాడు, బ్యాగ్ మీద నుంచి తల ఎత్తకుండా.

"రిటర్న్ టికెట్ నీ మెయిల్‌కే వచ్చింది కదా," అంది నిఖిల.

"ఇప్పుడు రావడం కాదు. డిగ్రీ వస్తే ఉద్యోగం వస్తుంది. ఉద్యోగం వస్తే నీకు సొంత పాస్ వస్తుంది. ఇవాళ నువ్వు ఈ దేశంలో ఉండాలంటే నేను కావాలి. రేపు దేనికి కావాలి నేను?"

మేనకకి ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళు ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఆమె ఉండటానికి పాస్ తప్ప వేరే కారణం ఒక్కటీ ఇవ్వలేనివాడు, ఆ సంగతి తన నోటితోనే చెప్పుకుంటున్నాడు.

బ్యాగ్‌లో ఒక ప్లాస్టిక్ కవరు. కవరులో నీలం అట్టలు.

రెండు.

మేనక మొదటిది తెరిచింది. నిఖిల. రెండోది తెరవబోతుంటే వెనక నుంచి మాట వినిపించింది.

"అది నాది," అంది హైమావతి.

ఆవిడ ఆరు నెలలుండి వెళ్దామని వచ్చింది. రెండేళ్ళయింది. తెనాలిలో అక్కగారు తారాదేవి మంచాన పడిందని కబురొచ్చిన రోజు నుంచి ఇంటికి పంపమని కొడుకుని అడుగుతూనే ఉంది. టికెట్ల ధర తగ్గాలనేవాడు, సెలవు దొరకాలనేవాడు. పాస్‌పోర్టు భద్రంగా ఉండాలని మొదటి వారంలోనే తీసుకున్నాడు. ఇవాళ మధ్యాహ్నం మాత్రం తనే వచ్చి బేరం పెట్టాడు. కిందికెళ్ళి కూర్చో, ఎవరైనా అడిగితే నీ పక్కనే ఉన్నానని చెప్పు, వచ్చే వారమే నిన్ను పంపిస్తానన్నాడు.

"అక్క నన్ను గుర్తు పట్టే రోజులు ఎన్నో లేవమ్మా. అందుకని ఒప్పుకున్నాను," అంది హైమావతి. కోడలి వైపు చూడలేకపోయింది. "నీ చదువు పాడవుతుందని తెలుసు. తెలిసే ఒప్పుకున్నాను."

నిఖిల మొహం ఎర్రబడింది. అరుస్తుందేమో అనుకుంది మేనక. అరవలేదు.

"నాతో ఒక్క మాట చెప్తే ఆ బ్యాగ్ పగలగొట్టి తెచ్చిచ్చేదాన్ని కదా అత్తయ్యా."

"నువ్వూ ప్రతిదీ వాణ్ణి అడిగి తెచ్చుకునేదానివే కదమ్మా. నిన్నెలా అడగను?"

నిఖిల కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. రెండేళ్ళుగా ఇద్దరూ ఒకే వంటింట్లో పొద్దున్నే ఒకరికొకరు కాఫీ కలిపి ఇచ్చుకుంటున్నారు.

మేనక రెండు పాస్‌పోర్టులకీ ఫొటోలు తీసుకుని ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టింది. నవనీత్‌ని వెళ్ళి పడుకోమంది. తర్వాత ట్యాబ్లెట్ తీసి, రిపోర్టు ఉంచాలో తీసెయ్యాలో ఆలోచించుకోమని నిఖిలతో చెప్పింది. ఉంచితే శశికాంత్ మీద కేసు నడుస్తుంది. అతని ఉద్యోగానికీ, పాస్‌కీ ఏమవుతుందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అతని పాస్ పోతే వీళ్ళిద్దరివీ పోతాయి. తీసేస్తే మాత్రం ఈ ఇంట్లో ఏమీ జరగనట్టే.

నిఖిలకి అటు వెళ్ళినా గోడే, ఇటు వెళ్ళినా గోడే. మేనక ఆమెను తొందరపెట్టలేదు.

హైమావతి లేచి వచ్చి మేనక పక్కన కూర్చుంది.

"ముందు నేను చెప్పింది కొట్టెయ్యమ్మా. మళ్ళీ చెప్తాను, రాసుకో."

"అమ్మా," అన్నాడు శశికాంత్.

ఆవిడ కొడుకు వైపు తిరగలేదు.

"దీంతో మీ అబ్బాయికి శిక్ష పడొచ్చు ఆంటీ. మీ ప్రయాణం కూడా ఆగొచ్చు, సాక్షి కాబట్టి. తెలిసే సెప్తున్నారా?"

"తెలుసు. మా అక్క సంగతి దేవుడు చూసుకుంటాడు. వాడు మళ్ళీ అడ్డుపడకుండా ముందు ఈ పిల్ల విమానం ఎక్కాలి." ఆవిడ గొంతు గ్రూపులోవాళ్ళు చెప్పినంత గట్టిగానే పలికింది. "పేరు హైమావతి. మూడింటి నుంచి నాలుగింటి దాకా నేను కింద ఉన్నాను. మా అబ్బాయి నా పక్కన లేడు."

మేనక రాసింది. చదివి వినిపించింది. హైమావతి స్క్రీన్ మీద వేలితో సంతకం పెట్టింది. నిఖిల వచ్చి ఆవిడ పక్కన కూర్చుని, రిపోర్టు ఉంచాలంటే తను ఎక్కడ సంతకం చెయ్యాలని అడిగింది.