కాదనని ప్రేమికుడు

"ఈసారి నువ్వు నిఘా పెట్టాల్సింది మీ వదిన మీద," అన్నాడు చీఫ్.

డేగ కనురెప్ప కూడా కదపలేదు. డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్ నేమ్ అది. సొంత నీడనైనా సోదా చేశాకే వెంట రానిస్తాడని పేరు.

"ఊరంతటికీ కరెంటు నడిపే కంట్రోల్ రూమ్‌లో ఆవిడ షిఫ్ట్ ఇంజనీర్. ఆన్‌లైన్‌లో ఎవడో తగిలాడు. ఓడలో డాక్టర్‌నన్నాడట. ఫొటోలో మన్మథుడే. వీడియో కాల్ అంటే మాత్రం సిగ్నల్ ఉండదు. వెనక ఉన్నది విదేశీ ముఠా. వాళ్ల గురి డబ్బు కాదు, ఆ కంట్రోల్ రూమ్."

"ఎవరు చెప్పారు?"

"నెమలి."

నెమలి ఆ ముఠాలో ఉంటూ వీళ్లకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ముందు సెంటు వాసన, తర్వాత నవ్వు వచ్చేవి, ఆ వెనక ఆమె. ఆమె పేరు వింటే చాలు, డేగ అనుమానం సెలవు పెట్టేస్తుంది.

"వాడు కానుకగా ఓ డిజిటల్ ఫొటో ఫ్రేమ్ పంపాడు," అన్నాడు చీఫ్. "ఇవాళ ఆరింటికి ఆవిడ దాన్ని డ్యూటీ కంప్యూటర్‌కి తగిలిస్తుంది. లోపలున్నది ఉత్త కెమెరా అని నెమలి రిపోర్ట్. తగిలించనిస్తే ఆ సిగ్నల్ పట్టుకుని ముఠా అడ్డా చేరొచ్చు. నువ్వు చూస్తూ ఉండు. అడ్డుపడకు."

సాయంత్రం ఏసీ మెకానిక్ వేషంలో డేగ కంట్రోల్ రూమ్‌లో నిచ్చెనెక్కాడు. కాలర్లో నొక్కితే నెమలికి వినిపించే మైకు, చెవిలో ఇయర్‌పీస్, పైపెదవి మీద అరువు మీసం.

"మరిదీ, ఎడమవైపు మీసం ఊడుతోంది," అంది వదిన, తెర మీంచి చూపు తిప్పకుండానే.

అతను మీసం నొక్కుకుని దిగాడు. ఆమె బల్ల మీద ఫ్రేమ్ ఉంది. అన్నయ్య పోయాక బోసిగా ఉన్న చెవులకి ఇవాళ కొత్త కమ్మలున్నాయి. ఆర్డర్ ప్రకారం నోరు మెదపకూడదు. ఆ కమ్మలు చూశాక ఆగలేకపోయాడు.

"వదినా, వాడు దొంగ."

"మీ ఉద్యోగానికి లోకమంతా దొంగలే. నన్నొక్క పైసా అడగలేదు తెలుసా? అడిగుంటే నేనే తలుపేసేదాన్ని."

"నీతో ఎప్పుడైనా పోట్లాడాడా?"

"ఎందుకు పోట్లాడతాడు? ఏం చెప్పినా అవునంటాడు. మీ అన్నయ్యలా బల్బు మార్చడానికి కూడా వాదన పెట్టుకోడు."

"అక్కడ ఉన్నది ఒక్కడు కాదు. షిఫ్టుల మీద పనిచేసే నలుగురు. ముందు షిఫ్టువాడు ఏం కోతలు కోశాడో తర్వాత వచ్చినవాడికి సరిగ్గా తెలీదు. అందుకే దేన్నీ కాదనరు."

షిఫ్టుల సంగతి ఆమెకి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మొహంలో నవ్వు సన్నబడింది.

"వాళ్లమ్మ ఉందా?" అడిగాడు డేగ.

"పోయి పదేళ్లయిందట. చెబుతూ ఏడ్చాడు కూడా."

"అయితే ఆవిడ ఇందాక నీకు ఫోన్ చేసిందని రాయి."

ఆమె అతన్ని కొరకొరా చూసింది. ఫోన్ తీసి రాసింది. జవాబు గాలికంటే ముందొచ్చింది.

'తెలుసు బంగారం. అమ్మ ఇప్పుడే చెప్పింది. నీ గొంతు తెగ నచ్చిందట.'

వదిన ఆ ముక్క రెండుసార్లు చదివింది. కమ్మలు తీసి సొరుగులో పడేసింది. గోడ గడియారం ఆరుకి చేరువవుతోంది.

"సరే, బుద్ధి గడ్డి తిన్నది. ఇప్పుడు దీన్నేం చెయ్యను?"

"తగిలించు. ముఠా దొరుకుతుంది. అది ఉత్త కెమెరాయేనని నెమలి చెప్పింది."

"ఎవరా నెమలి?" ఫ్రేమ్ వైరు చేతిలోకి తీసుకుంటూ అడిగింది.

"మా మనిషి. బంగారంలాంటి ఏజెంట్."

"నీతో ఎప్పుడైనా పోట్లాడిందా?"

డేగ నెమలి మాటలన్నీ గుర్తు చేసుకున్నాడు. అతని ప్లాన్లు బాగున్నాయంది, జోకులకి నవ్వింది, చివరికి ఈ మీసం కూడా నప్పిందంది.

వెంటనే కాలర్ మైకు నొక్కి గుసగుసలాడాడు. "నెమలీ, మొన్న నువ్వు చెప్పినట్టే ఉత్తరం గేటు దగ్గర మనుషుల్ని పెట్టాం."

"మంచి పని చేశావు," చెవిలో తియ్యటి గొంతు. "నేను చెప్పినచోటే పెట్టావు."

ఆమె ఏనాడూ అలా చెప్పలేదు. ఆ భవనానికి ఉత్తరాన గేటే లేదు.

వైరు మొన అప్పటికే కంప్యూటర్‌కి ఆనుకుంది. డేగ ఎగిరి వదిన మణికట్టు పట్టుకుని లాగాడు. నిచ్చెన దభాలున పడింది, మీసం ఎటో ఎగిరింది. గడియారం ఆరు దాటింది. దీపాలు రెప్పవాల్చలేదు.

ఎదురుగా కాఫీ షాపులో ఊరు చీకటవ్వడం కోసం ఎదురుచూస్తున్న నెమలిని డేగ కబురందుకున్న చీఫ్ మనుషులు వెలుతురులోనే పట్టుకున్నారు. ల్యాబ్‌లో ఫ్రేమ్ విప్పితే కెమెరా ఊసే లేదు. ఆస్పత్రులతో సహా ఊరంతా కరెంటు తీసేసే ప్రోగ్రామ్ ఉంది.

ఇంటికెళ్లాక వదిన టీ కప్పు ఎదురుగా పెట్టి మొదలుపెట్టింది. ముందే ఎందుకు చెప్పలేదని, మణికట్టు వాచిందని, నిచ్చెన కింద నేనుంటే ఏమయ్యేదని, వేషం వెయ్యడం చేతకాని గూఢచారి ఎక్కడైనా ఉంటాడా అని. ప్రతి మాటకీ వాదన, ప్రతి జవాబుకీ ఎదురు ప్రశ్న.

డేగ హాయిగా టీ తాగాడు. చాలా కాలానికి ఎదుటిమనిషి మీద అతనికి రవ్వంత అనుమానం కూడా కలగలేదు.