ఓడ ఇంకా రాలేదు

"పెళ్ళయిన ఆడకూతురు మొగుడి పేరు అలాగ గడగడా సెప్పేస్తాదేటమ్మా?" అన్నాడు లాడ్జి మేనేజరు, పెన్నుకి మూత పెట్టేస్తూ.

కరుణకుమారి బిత్తరపోయింది. మీ ఆయన పేరేంటని అడిగింది అతనే. ఏసుపాదం గారండీ అని చెప్పింది తను. అందులో తప్పేముందో ఆమెకి అంతుపట్టలేదు.

తప్పుందని మేనేజరు మాత్రం ఖాయం చేసేసుకున్నాడు. ముందు నుదురు చూశాడు, బొట్టు లేదు. మెడ చూశాడు, పుస్తెలు లేవు. కౌంటరు మీంచి వంగి మరీ కాళ్ళు చూశాడు, మెట్టెలూ లేవు. పక్కన నిలబడ్డ కుర్రాడి చేతిలో కొత్త ట్రంకుపెట్టె. ఇంకేం కావాలి? ఇంట్లో చెప్పకుండా లేచిపోయి వచ్చిన బాపతే. హార్బరు పక్క లాడ్జీల్లో పోలీసులు మాటిమాటికీ దిగబడుతున్నారనీ, తను పిల్లలు గలవాడిననీ, రూములు ఖాళీ లేవనీ ఒక్క గుక్కలో చెప్పేశాడు. అతని వెనక గోడకి తాళంచెవులు వరసగా వేలాడుతూనే ఉన్నాయి.

తాము మిషను చర్చివాళ్ళమనీ, తమ సంఘంలో నగలూ బొట్టూ ఉండవనీ ఏసుపాదం నచ్చజెప్పబోయాడు. అందరూ అలాగే చెప్తారన్నాడు మేనేజరు.

బయట సన్నగా వాన పడుతోంది. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఏసుపాదం పకపకా నవ్వాడు. మనల్ని సినిమా జోడీ అనుకున్నాడు చూశావా అన్నాడు. కరుణకి నవ్వు రాలేదు. పోలీసులన్న మాట ఒక్కటే చెవిలో ఉండిపోయింది. నర్సీపట్నంలో ఇన్నేళ్ళు పెరిగి, ఒక్క మాట పడకుండా పెళ్ళి చేసుకుని, విశాఖపట్నంలో అడుగుపెట్టగానే లేచిపోయినదాన్నయ్యానా అని ఆమె బాధ.

నిజానికి మొగుడి పేరు గడగడా చెప్పడం ఆమె తప్పు కానే కాదు. చర్చిలో పెళ్ళంటే పేరు పలకడమే. 'కరుణకుమారి అనే నేను ఏసుపాదం అనే నిన్ను' అంటూ అందరి ముందూ చెప్పాలి. ఎక్కడ తడబడుతుందోనని తల్లి ధనమ్మ నెల్లాళ్ళు ముందునుంచీ వంటింట్లో వల్లె వేయించింది. తీరా పెళ్ళినాడు కూతురి గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, వెనక బెంచీల వాళ్ళకి వినబడలేదని పాస్టరు గారు మళ్ళీ చెప్పించారు. అలా రెండుసార్లు పలికి కట్టుకున్న మొగుడి పేరు ఇక్కడ నేరమైపోయింది.

"ఇంకో లాడ్జిలో అడిగితే తల దించుకుని ఊరుకో," అన్నాడు ఏసుపాదం. "మిగతాది నేను సూసుకుంటాను."

వన్‌టౌన్ సందులో ఇంకాస్త చవకరకం లాడ్జి దొరికింది. మేనేజరు తాతబ్బాయిది పాయకరావుపేట. నర్సీపట్నం అనగానే మనవాళ్ళే అన్నట్టు తలాడించాడు గానీ, ఆయనా అమ్మాయిని మీ ఆయన పేరేటమ్మా అని అడగనే అడిగాడు. కరుణ తల దించుకుంది. చీర చెంగు వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. తాతబ్బాయి ముసిముసిగా నవ్వి, కొత్తపెళ్ళికూతురు సిగ్గుపడుతోందని తాళంచెవి ఇచ్చేశాడు.

అది సిగ్గు కాదు, భయం. ఆ రెండింటికీ తేడా తెలియని మగవాడు తాతబ్బాయి ఒక్కడే కాదు, చాలామంది ఉన్నారు.

ఇది డెబ్భైతొమ్మిదో సంవత్సరం నవంబరు మాట. ఏసుపాదం పోర్ట్‌బ్లెయిర్‌లో కలప మిల్లులో గుమాస్తా. సెలవు పెట్టి వచ్చి, పెళ్ళి చేసుకుని, భార్యతో తిరిగి వెళ్తున్నాడు. విశాఖ నుంచి అండమాన్ ఓడ ఎప్పుడో గానీ ఉండదు. వస్తుందన్న రోజుకి రాదు, వచ్చాక ఆగదు. అందుకని ముందే వచ్చి కాచుక్కూచోవాలి. ఈ ఓడ తప్పితే సెలవు దాటిపోతుంది, ఉద్యోగం పోతుంది.

కరుణ సముద్రాన్ని ఎరగదు. అండమాన్ అనగానే ఆమెకి గుర్తొచ్చేది పక్కింటి జోగులమ్మ మాట. బస్సెక్కే రోజు పొద్దున్న ఆవిడ ధనమ్మని పెరట్లోకి పిలిచి, "ఆ దీవుల్లో ఉన్నోళ్ళకి అక్కడో కాపురం ఉంటాదంట. కనుక్కున్నావా?" అంది. గుసగుసగానే అంది, కానీ జోగులమ్మ గుసగుస బజారు దాకా వినబడుతుంది. ధనమ్మ దేవుడున్నాడంది. కరుణ ఆ మాటని మూటలో కట్టుకుని బస్సెక్కింది.

లాడ్జిలో మొదటి రోజులు బాగానే గడిచాయి. ఏసుపాదం పొద్దున్నే షిప్పింగ్ ఆఫీసుకి వెళ్ళొచ్చేవాడు. ఓడ ఇంకా రాలేదనేవాడు. అయితే ఊరు చూద్దాం పద అనేవాడు. కొత్తగా పెట్టిన జూకి తీసుకెళ్ళాడు. సిటీ బస్సుల్లో తిప్పాడు. ఇడ్లీ తినిపించాడు. జూలో ఎలుగుబంటి తననే చూస్తోందని కరుణ అంటే, దానికీ నీ మెడలో పుస్తెలు లేవని అనుమానం కాబోలన్నాడు. ఆ ఒక్కసారి కరుణ నవ్వింది. అతను జూ సంగతి మరిచిపోయి ఆమె మొహం చూస్తూ నిలబడ్డాడు.

"ఏటలా సూస్తన్నారు?" అంది.

"టిక్కెట్టు కొన్నాను కదా, సూడాలి మరి."

ఆ సాయంత్రం బీచికి వెళ్ళారు. నీళ్ళు అంతంత ఎత్తున లేచి వచ్చి పడుతుంటే కరుణ ఇసకలో పది అడుగులు వెనక్కి పరిగెత్తింది. రెండేళ్ళ కిందటి దివిసీమ ఉప్పెన కబుర్లు పేపరులో చదివినవన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఏసుపాదం చెయ్యి పట్టుకుని మెల్లగా తీసుకొచ్చాడు. ముందు తడి ఇసక, తర్వాత నురుగు, ఆ తర్వాత చీలమండ లోతు. అల వెనక్కి పోతూ కాళ్ళకింద ఇసక లాగేస్తుంటే ఆమె అతని చెయ్యి నొప్పెట్టేలా పట్టుకుంది.

"భయమా?" అన్నాడు.

"మీరుండగా నాకేటి భయం?"

ప్రేమకథల్లో ఇలాంటి మాటకి కుర్రాడు పొంగిపోవాలి. ఏసుపాదం పొంగిపోలేదు. చీకటిపడుతున్న నీళ్ళకేసి చూసి, పద ఎల్దాం అన్నాడు.

మర్నాటి నుంచి మనిషి మారిపోయాడు. ఆఫీసుకి వెళ్ళేవాడు, మధ్యాహ్నానికి గానీ వచ్చేవాడు కాదు. ఓడ ఇంకా రాలేదని గోడకి చెప్పినట్టు చెప్పేవాడు. అన్నం సగంలో వదిలేసేవాడు. ఓడకూత వినబడితే ఉలిక్కిపడేవాడు. కరుణ రూములో ఒక్కతీ తలుపు గడియ పెట్టుకుని, మెట్ల మీద బూట్ల చప్పుడైతే పోలీసులేమోనని మంచం పట్టె పట్టుకుని కూచునేది. గట్టిగా పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు ఈ ఊళ్ళో ఒక్కడున్నాడు, ఆ పేరేమో పలకకూడదు.

కిటికీలోంచి చిన్న కొండ కనబడేది, దాని మీద తెల్లటి చర్చి. రాస్ హిల్ అంటారట. అక్కడికి తీసుకెళ్ళమంది. ఏసుపాదం గబుక్కున వద్దన్నాడు. అది మేరీమాత చర్చి, మనం ప్రొటెస్టెంట్లం, మనకా కొండెందుకన్నాడు. తమ సంఘం మీద అతనికి అంత పట్టింపు ఎప్పుడొచ్చిందో కరుణకి తెలియలేదు.

ఆ మాటమీదే అసలు మాట బయటపెట్టాడు.

"ఓడ ఎప్పటికొస్తాదో తెలీదు. నువ్వు నర్సీపట్నం ఎల్లిపో కరుణా. నేను ముందెల్లి, అన్నీ సర్దుకుని, తర్వాతొచ్చి తీసుకెల్తాను."

"తర్వాతంటే?"

అతను లేచి కిటికీ తలుపు మూసేశాడు. జోగులమ్మ మాట మూట విప్పుకుని బయటికొచ్చి ఎదురుగా కూచుంది. పెళ్ళయిన పక్షానికే పుట్టింటికి వచ్చిన పిల్లని సంఘంలో ఏమంటారో ఆమెకి తెలుసు. ఏమీ అనరు. ప్రార్థన చేస్తారు. అది ఇంకా భయం.

మర్నాడు అతను వెళ్ళగానే కరుణ మెట్లు దిగి, ఆ కొండ మీంచి ఏం కనబడుతుందని తాతబ్బాయిని అడిగింది. హార్బరంతా అరచేతిలో పెట్టినట్టు కనబడతాదన్నాడు ఆయన.

ఆమె ఒక్కతే ఎక్కింది. పైన చర్చి మెట్ల దగ్గర కొవ్వొత్తులమ్మే ముసలావిడ అప్పాయమ్మ కూచుని ఉంది. కింద నీళ్ళలో ఓడలు. అన్నిట్లోకీ పెద్దది, తెల్లది, మనుషులు మూటలతో దాని పక్కన చీమల్లా తిరుగుతున్నారు. అదేం ఓడని కరుణ అడిగింది.

"అండమానోడ కదమ్మా. మొన్ననగా వచ్చింది. రేపు ఎల్లిపోద్ది."

కరుణ ఆ మెట్టుమీదే కూలబడింది. మొన్న వచ్చిందట. మొన్నా రాలేదన్నాడు, నిన్నా రాలేదన్నాడు. అంటే రేపు తనని బస్సెక్కించి, ఆ ఓడలో ఒక్కడూ వెళ్ళిపోవాలని. ఎవరి దగ్గరికి? అప్పాయమ్మ కొవ్వొత్తి వెలిగిస్తావా అమ్మా అని అడుగుతోంది. కరుణ లేచి కొండ దిగిపోయింది.

లాడ్జికొచ్చి రెండు చీరలూ బైబిలూ సంచిలో పెట్టుకుంది. నేను నర్సీపట్నం వెళ్ళానని ఆయనకి చెప్పండని తాతబ్బాయితో అని, రిక్షా ఎక్కింది. పంపించేదాకా ఎందుకు, తనే వెళ్తే పోలేదా అనుకుంది.

బస్టాండులో వాన జోరందుకుంది. కండక్టరు అనకాపల్లి, తాళ్ళపాలెం, నర్సీపట్నం అని ఒకటే అరుపు. కరుణ కిటికీ పక్కన కూచుని, అమ్మకి ఏం చెప్పాలో వెతుక్కుంటోంది.

ఇంతలో కిటికీ ఊచలు పట్టుకున్న తడిచేతులు కనబడ్డాయి. ఏసుపాదం. నిలువెల్లా కారుతున్నాడు. రొప్పుతున్నాడు.

"దిగు కరుణా."

"ఓడ వచ్చిందా అండీ?" అంది కరుణ, అతని కళ్ళలోకి చూసి.

అతను తల దించేశాడు. వచ్చిందన్నాడు. మొన్ననే వచ్చిందన్నాడు. కరుణ చెంగుతో మొహం తుడుచుకుంది. ఇన్నాళ్ళూ లోపల కట్టిపెట్టుకున్నది ఇక ఆగలేదు.

"అక్కడ మీకు ఇంకెవరైనా ఉన్నారా?"

"అక్కడా?" ఏసుపాదానికి ముందు అర్థం కాలేదు. అయ్యాక నోరు తెరుచుకుని ఉండిపోయాడు. "ఓ పిల్లి ఉంది. అదీ నాది కాదు, పక్కింటోళ్ళది."

"మరి నన్నెందుకు పంపించేస్తన్నారు?"

అతను చొక్కా జేబులోంచి తడిసిన టిక్కెట్లు తీశాడు. రెండు.

"ఇందులో ఒకటి వాపసిచ్చేద్దామని మొన్నటి నుంచీ క్యూలో నిలబడతన్నాను. నా వంతు వచ్చేసరికి చెయ్యి రావట్లేదు. వెనక్కొచ్చేస్తన్నాను." టిక్కెట్లు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఆ ఓడలో ఎన్నిసార్లు తిరిగానో కరుణా. గాలివానలో కూడా వచ్చాను. ఒక్కరోజూ భయపడలేదు. నేనొక్కణ్ణే కదా, పోతే పోతాననుకునేవాణ్ణి. ఆవేళ బీచిలో మీరుండగా నాకేటి భయం అన్నావే, అప్పట్నుంచి నాకు వణుకు పట్టుకుంది. నడి సముద్రంలో నీకేదైనా అయితే ఏ వేపు సూసినా గట్టుండదు. ఎవర్ని పిలవను? అదిగో ఆ ఓడని సూస్తే సాలు, కాళ్ళు ఆడట్లేదు. నువ్వు సూస్తే ఎల్దామంటావని ఆ కొండెక్కనివ్వలేదు."

తను కొండమీద కూలబడినప్పుడు ఇతను ఆఫీసు క్యూలో ఇలా వణుకుతూ నిలబడి ఉన్నాడన్నమాట. కోపం వచ్చింది. ఆ కోపం వెనకే జాలీ వచ్చింది.

"పాస్టరు గారు మనచేత అన్నన్ని మాటలు చెప్పించారు కదా," అంది. "జబ్బొచ్చినా, కష్టమొచ్చినా అన్నాం. మధ్యలో సముద్రమొస్తే నువ్వటూ నేనిటూ అన్నామా?"

"అనలేదు."

"నాకూ భయమే. నర్సీపట్నం ఎల్లినా భయమే. భయపడితే పక్కపక్కనే ఉండి పడదాం."

కండక్టరు వచ్చి, ఉంటారో దిగుతారో బేగి తేల్చమన్నాడు. కరుణ సంచి కిటికీలోంచి అతని చేతికిచ్చి, బస్సు దిగింది. వానలో ఇద్దరూ రిక్షా కోసం నిలబడ్డారు. ఇంకెప్పుడూ అబద్ధం చెప్పనని అతను అన్నాడు. చెప్పి చూడండి, జోగులమ్మ గారికి ఉత్తరం రాస్తానంది.

మర్నాడు హార్బరులో తిరనాళ్ళలా జనం. మూటలు, కోళ్ళ గంపలు, ఏడుపులు. ఓడ దగ్గరికొచ్చి చూస్తే కొండమీంచి కనబడినదానికి పదింతలుంది. పైకి వేసిన మెట్లదారి కదులుతోంది, దాని కింద నల్లటి నీళ్ళు. కరుణ కళ్ళు మూసుకుని, ప్రార్థన చేసుకుంటూ, జనం తోస్తుంటే తోసిన వైపు ఎక్కేసింది. పైన డెక్కు మీద కాళ్ళు ఆనాక వెనక్కి తిరిగింది.

ఏసుపాదం వెనకాల లేడు. మెట్లదారి మొదట్లోనే ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని బిగుసుకుపోయి నిలబడ్డాడు. నీళ్ళకేసి చూస్తున్నాడు. వెనకవాళ్ళు తిడుతున్నారు, పక్కనుంచి దాటుకుని పోతున్నారు. ఓడవాళ్ళు బేగి బేగి అని కేకలు పెడుతున్నారు. ఏవండీ అంది కరుణ. ఆ జనంలో ఏవండీ అంటే నలుగురు తలెత్తారు, అతను ఎత్తలేదు.

కరుణ ఓడ అంచు కమ్మీలు పట్టుకుని ముందుకు వంగింది.

"ఏసుపాదం!"

చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. పక్కనున్న ముసలమ్మ, మొగుణ్ణి పేరెట్టి పిలుస్తన్నాదని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. పెళ్ళినాడు వెనక బెంచీలకి అందని గొంతు ఇవాళ హార్బరంతా వినబడింది.

కింద అతను తలెత్తాడు. ఆమె కనబడింది.

"వస్తన్నా," అని మెట్లెక్కాడు.